ట్రయల్ బావ గోల్ఫ్ ప్రయాణం

మా బావ ట్రయల్ చూడందే ఏ పనీ చెయ్యడు. ఇది తప్ప ఆ మనిషికి ఇంకో వంక పెట్టడానికి లేదు. తాగడు, పేకాడడు, ఒకరి జోలికి పోడు. కానీ కొత్త చెప్పులు కొంటే వాటితో వీధి చివరిదాకా మామూలుగా ఒకసారి, కుక్క తరిమినట్టు ఒకసారి వెళ్ళొచ్చి చూసుకుంటాడు. గొడుగు కొంటే కొళాయి కింద కూర్చుని విప్పుతాడు. పన్ను పీకించుకోవాల్సొస్తే ముందురోజే వెళ్ళి, పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కాసేపు కూర్చుని, "పర్లేదు, బాగానే ఉంది, రేపొస్తా" అని లేచి వచ్చేశాడు. ఆ డాక్టరు ఇప్పటికీ నేను ఎక్కడ కనబడినా "మీ బావగారు బాగున్నారా?" అని అడుగుతాడు. నేను జవాబు చెప్పేలోపే నవ్వడం మొదలుపెడతాడు.

తప్పు ఆయనది కాదులెండి, చేసే పనిది. మా బావ టైలరు. కోటు కుట్టాలంటే ముందు కచ్చా కుట్టు వేస్తాడు. అంటే వదులుగా, లాగితే ఊడొచ్చే కుట్టు. అది తొడిగించి, మనిషిని నిలబెట్టి, కూర్చోబెట్టి, చేతులెత్తించి, "ఇప్పుడొకసారి తుమ్మండి" అని తుమ్మించి, అప్పుడు గానీ అసలు కుట్టు వెయ్యడు. "గుడ్డ కోసేశాక ఏడ్చి లాభం లేదమ్మాయ్" అంటాడు నాతో. షాపులో ఉన్నంతసేపు ఆ మాట బాగానే ఉంటుంది. దాన్ని ఇంటిక్కూడా మోసుకొస్తాడు, అదీ మా ఖర్మ.

నేను ఆయన మరదల్ని. ఆ షాపులోనే కాజాలు తీస్తాను, గుండీలు కుడతాను. చదువు పెద్దగా అబ్బలేదు గానీ నోరు బాగా అబ్బింది. మా బావ దగ్గర పని చెయ్యాలంటే నోరే కావాలి.

నా పెళ్ళి కుదిరినప్పుడు ఏం చేశాడో తెలుసా? మా ఆయన్ని షాపుకి పిలిపించి, స్టూలు మీద కూర్చోబెట్టి, నాతో అన్నాడూ, "అమ్మాయ్, ఇతన్ని కాసేపు తిట్టు."

"ఎందుకు బావా? పాపం ఆయనేం చేశాడని?"

"ఇప్పుడేం చెయ్యలేదు. చేశాక ఎలాగూ తిడతావు. తట్టుకుంటాడో లేదో ముందే చూసుకోవాలి కదా. ఊఁ, కానీ."

నేను సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. తర్వాత ఎక్కడ ఆపాలో నాకే తెలియలేదు. చివరికి మా ఆయన స్టూలు దిగి, "అన్నయ్యా, భుజాల దగ్గర కాస్త బిగువుగా ఉంది గానీ, సర్దుకుంటాను. ఖాయం చేసెయ్యండి" అన్నాడు. నా కాపురానికి కచ్చా కుట్టు అలా పడింది.

సరే, అసలు సంగతికొస్తాను. మా ఊరికి పైన కొండ మీద గోల్ఫ్ ఆడుకునే రిసార్టు ఒకటుంది. డబ్బున్నవాళ్ళు వచ్చి, పచ్చగడ్డి మీద చిన్న బంతిని పొడుగు కర్రతో కొట్టి, అదెక్కడ పడిందో వెతుక్కుంటూ తిరుగుతారట. ఆ రిసార్టు మేనేజరు అక్కడ పనిచేసేవాళ్ళ కోట్లన్నీ మా షాపులో కుట్టించాడు. ట్రయల్ రోజున మా బావ వాళ్ళని ఊరికే వదిలిపెట్టాడా? వడ్డించేవాళ్ళ చేత ఖాళీ ట్రేలు మోయించాడు. బల్లకింద చెంచా పడినట్టు వంగోబెట్టాడు. గోల్ఫ్ కర్రల సంచీ మోసేవాళ్ళ చేత మా మిషన్నే మోయించాడు. అదీ అటు గోడ నుంచి ఇటు గోడకి.

కొన్నాళ్ళయ్యాక ఆ మేనేజరు షాపుకొచ్చి మా బావ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మాస్టారూ, ఇదివరకు మావాళ్ళు ట్రే ఎత్తితే చాలు, చంకలో పర్రుమనేది. అతిథులు అటే చూసేవాళ్ళు. ఇప్పుడు ఎంత వంగినా చప్పుడు లేదు! మీ ఇంట్లోవాళ్ళందర్నీ తీసుకుని ఒకసారి కొండమీదికి రండి. రెండ్రోజులు మా అతిథులుగా ఉండండి. గోల్ఫ్ కూడా ఆడిస్తాను."

నేను గుండీల డబ్బా కింద పడేసుకున్నాను, సంతోషంతో. మా ఆయన వ్యాను నడుపుతాడు కాబట్టి ప్రయాణానికీ ఇబ్బంది లేదు. పిల్లలు ఎవరి ఉద్యోగాల్లో వాళ్ళున్నారు. ఇంక వెళ్ళేది మేం నలుగురం. మేమిద్దరం, బావ, అక్క.

అక్క మాత్రం, "నేను రాను. మీరెళ్ళి రండి" అంది.

"ఎందుకే?"

"కుండీల్లో మొక్కలకి నీళ్ళెవరు పోస్తారు?"

"ఎదురింటివాళ్ళు పోస్తారు."

"తాళం సరిగ్గా పడట్లేదు."

"కొత్తది కొందాం."

"నాకు కొండలంటే పడదు. అంతే."

అంతే అంటే అంతే. అక్కకి ఆపరేషనయ్యి లేచిన దగ్గర్నుంచీ ఇదే వరస. సినిమాకి రమ్మంటే రాదు. పెళ్ళికి రమ్మంటే రాదు. మా ఇల్లు పక్క వీధే, అక్కడికొచ్చినా ఇలా కూర్చుని అలా లేచిపోతుంది. ఒకప్పుడు ఊళ్ళో ఎక్కడ నవ్వు వినిపించినా అది మా అక్కదే అని చెప్పొచ్చు. అలాంటి మనిషి కిటికీ దగ్గర కుర్చీకి అతుక్కుపోయింది. ఈసారి కూడా రాకపోతే ఇంకెప్పటికీ రాదని నాకు లోపల భయం పట్టుకుంది. కారణం ఏంటా అని ఆలోచిస్తే నాకొకటే తట్టింది. మా బావ. ఇన్నేళ్ళు ఆయన ట్రయల్స్ భరించాక ఏ మనిషికైనా బయటికెళ్ళడమంటే విరక్తి పుట్టదూ?

ఆ మాటే షాపులో మొహం మీద అడిగేశాను. "బావా, అక్క రాకపోతే నేనూ రాను. నీ ట్రయల్స్ చూసి చూసి తను విసిగిపోయింది. ఈ ఒక్కసారికీ మామూలు మనుషుల్లా బట్టలు సర్దుకుని వెళ్దాం."

బావ నోట్లో గుండుసూదులున్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. "మీ అక్క వస్తుంది. నేను చూసుకుంటా."

"ఎలా చూసుకుంటావ్?"

"ట్రయల్ వేద్దాం."

నేను తల పట్టుకున్నాను.

మొదటిది చలి ట్రయల్. కొండమీద చలి కదా, తట్టుకోగలమో లేదో చూడాలని మా ఆయన్నీ నన్నూ ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళాడు. ఐసు దిమ్మల మధ్య బల్లేసి కూర్చోబెట్టి, "ఇప్పుడు మనం రిసార్టు వరండాలో ఉన్నాం. మామూలుగా మాట్లాడుకోండి" అన్నాడు. మామూలుగా మాట్లాడటానికి పళ్ళు ఒకచోట నిలబడితే కదా! మా ఆయన మీసం గట్టిపడి చీపురుపుల్లల్లా నిలబడింది. "అన్నయ్యా, ఇది వరండాలా లేదు, శవాలగదిలా ఉంది" అన్నాడు. బావ అదేం పట్టించుకోకుండా, "తమ్ముడికి ఇంకో స్వెట్టరు కావాలి" అని గొణుక్కుని టేపు తీసి అక్కడే ఛాతీ కొలిచాడు.

తర్వాత భోజనం ట్రయల్. అక్కడ కత్తి, ఫోర్కు పెట్టి తినాలట. బావ మా అందరి ముందూ తలో బ్రెడ్డుముక్క పెట్టాడు. తను మాత్రం జేబులోంచి గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, బ్రెడ్డు మీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసుకుని, గీత వెంబడే కోసుకున్నాడు. కోత బ్రహ్మాండంగా వచ్చింది. తిన్నాక మూతంతా సుద్ద. అక్క ఆ మూతి చూసి కొంగు అడ్డంపెట్టుకుంది. నవ్విందేమోనని చూశాను. నవ్వే. కానీ బయటికి రాలేదు.

ఆ మర్నాడు మేడమీద గోల్ఫ్ ట్రయల్. కర్ర లేదు కాబట్టి షాపులో బట్ట కొలిచే గజం బద్ద తెచ్చాడు. బంతి లేదు కాబట్టి దారపుండ. ఉండ పోకుండా దాని చివర తన చొక్కా గుండీకి కట్టుకున్నాడు. తెలివి చూడండి! కాళ్ళు ఎడంగా పెట్టి, నడుం వంచి, ఉత్తిగాల్లో ఎన్నిసార్లు ఊపాడో ఆ దేవుడికే తెలియాలి. చివరికి కొట్టాడు. ఉండ విప్పుకుంటూ విప్పుకుంటూ వీధి దాటి, ఎదురుమేడ మీద పెన్షన్ తాతగారు తాగుతున్న కాఫీ గ్లాసులో పడింది. బావ కంగారుపడి దారం లాగాడు. గ్లాసు కూడా వచ్చేసింది. తాతగారు ఖాళీ చేతిని కాసేపు చూసుకుని, "ఏమయ్యా మాస్టారూ, అడిగితే ఇచ్చేవాణ్ణి కదా!" అని అరిచాడు.

సామాన్ల ట్రయల్ రోజున సంచులన్నీ నింపి భుజాన వేసుకుని వీధంతా తిరగాలన్నాడు. ఎవరు కనబడినా "ఊరెళ్తున్నారా?" అని అడగడం, మేం "లేదండీ, ట్రయల్" అని తలొంచుకోవడం. తర్వాత నిజంగా బయల్దేరిన రోజు ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. "ఆ ఆ, సాయంత్రం కలుద్దాం" అన్నారు.

వీటన్నిటికీ ఓర్చుకున్నాను గానీ, చివర్లో చేసినదానికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. రిసార్టు దుప్పట్లు ఉతకడానికి కిందికి తెచ్చే వ్యాను ఒకటుంది. ఒకరోజు పొద్దున్నే షాపు నా మీద వదిలేసి, ఆ వ్యానెక్కి ఒక్కడే కొండమీదికి వెళ్ళాడు. రోడ్డుకి ట్రయల్ వెయ్యడానికి! మా బావకి మలుపుల రోడ్డంటే పడదు. మేడ మెట్లు గుండ్రంగా ఉంటేనే కళ్ళు తిరుగుతాయి. సాయంత్రం షాపు ముందు దిగేసరికి మొహం వాడిపోయిన ఆకులా ఉంది. చొక్కా మీద ఏవేవో మరకలు. బొటనవేలికి ఇంత లావు కట్టు.

"ఏంటిది బావా? వేలికేమైంది?"

"రోడ్డు బాగుంది" అన్నాడు, గోడ పట్టుకుని.

"నేను వేలు అడుగుతుంటే రోడ్డంటావేంటి? రోడ్డుకి ట్రయలేంటసలు? అది మనం చూసినా చూడకపోయినా అక్కడే ఉంటుంది కదా!"

"చూడాలి కదమ్మాయ్" అని లోపలికెళ్ళి పడుకున్నాడు.

ఇంకా వింతేంటంటే, మర్నాడు అక్క నా దగ్గరికొచ్చి, "సరే, వస్తాను" అంది. కొండంటే పడదన్న మనిషి! ఏమైందే అంటే, "మీ బావ పోరు పడలేక" అంది. నేను నమ్మలేదు గానీ, తను మళ్ళీ మాట మార్చుకుంటుందేమోనని ఇంక గుచ్చి అడగలేదు.

బయల్దేరే రోజు పొద్దున అందరం టీ తాగాం. అక్క తన గ్లాసు ముట్టుకోలేదు. నీళ్ళు కూడా తాగలేదు. బావ చూసి, మెల్లిగా, "తాగు. నేనున్నా కదా" అన్నాడు. అక్క కాసేపు గ్లాసు వంక చూసి గటగటా తాగేసింది. టీకి ఇంత బతిమాలుడేంటా అనుకున్నాను.

మా ఆయన వ్యాను తీశాడు. ముందు సీట్లో బావ, ఆ ప్రయాణం కోసమే కోటు గుడ్డతో కుట్టుకున్న గోల్ఫ్ టోపీ పెట్టుకుని. టోపీ ముందు అంచు ఎంత పొడుగుందంటే, ఆయన తల తిప్పినప్పుడల్లా మా ఆయన చెవికి తగులుతోంది. వెనక నేనూ అక్కా.

ఊరు దాటామో లేదో, "ఆపు తమ్ముడూ!"

"ఏమైందన్నయ్యా?"

"ఏం లేదు. నడుం ట్రయల్. కూర్చున్నాక నడుం ఎలా ఉందో చూడాలి."

పెట్రోలు బంకు దగ్గర ఆపాం. బావ దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ ఊగాడు. మేమూ కాళ్ళు చాపుకున్నాం. ఎక్కాం. కొండ మొదలయ్యాక మళ్ళీ, "ఆపు తమ్ముడూ!"

"మళ్ళీనా?"

"టీ ట్రయల్. ఎత్తు మీద టీ రుచి మారుతుందట."

టీకొట్టు దగ్గర ఆపాం. టీ ఎక్కడైనా టీయే. ఇంకాస్త పైకి వెళ్ళాక గాలి ట్రయల్ అన్నాడు. దిగి, కళ్ళు మూసుకుని, ముక్కు ఎగబీల్చి, "ఊఁ, ఇది కింది గాలి కంటే పల్చగా ఉంది" అన్నాడు. మా ఆయనకి ముక్కుమీదే కోపం. స్టీరింగు మీద చరిచి, "అన్నయ్యా, ఈ లెక్కన పోతే మనం చేరేసరికి ఆ గడ్డి ఎండిపోతుంది. ఇంక ఆపేది లేదు. నడుం విరిగినా, గాలి అయిపోయినా సరే, ఆపను!" అన్నాడు.

"ఇంకొక్కసారి ఆపుదువు గానీ. ఆ మలుపు దాటాక పూలమొక్కల తోట ఉంటుంది..."

"ఆపను!"

బావ వెనక్కి తిరిగి అక్క వంక చూశాడు. నేనూ చూశాను. అక్క ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకునుంది. పెదాలు బిగించింది. నుదుటిమీద చెమట, అంత చల్లటి గాలిలో.

"అక్కా, ఏమైందే?"

తల అడ్డంగా ఊపింది.

మలుపు తిరిగాం. పూలమొక్కల తోట బోర్డు కనబడింది. అప్పుడు నా రెండు కళ్ళతో చూశాను. మా బావ తన టోపీ తనే తీసి, కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి, వదిలేశాడు. వదిలేసి, గుండె బాదుకుంటూ అరిచాడు. "అయ్యో నా టోపీ! తమ్ముడూ, ఆపు ఆపు ఆపు! నా టోపీ ఎగిరిపోయింది!"

మా ఆయన బ్రేకు వేసి స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు.

బావ దిగాడు. టోపీ అక్కడే, రోడ్డు మధ్యలో, ఎలుగుబంటి పిల్ల పడుకున్నట్టు కనబడుతూనే ఉంది. ఆయన మాత్రం రోడ్డుకి అవతల పొదల్లో వెతుకుతున్నాడు. "ఎక్కడ పోయిందో ఏంటో" అని గట్టిగా అనుకుంటూ, ఆకులెత్తి చూస్తున్నాడు. మా ఆయన కిటికీలోంచి, "అదిగో అన్నయ్యా! అక్కడ! నీ వెనకాల!" అని అరుస్తుంటే, బావ సరిగ్గా అది లేనివైపే తిరిగి, "ఎక్కడ? ఇక్కడా?" అంటున్నాడు.

ఈ గొడవలో అక్క చప్పుడు లేకుండా దిగి తోటలోకి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. ఒంట్లో బాగాలేదేమోనని నా భయం. తోట చూసుకునే ఆవిడ మొక్కలకి మట్టి సర్దుతోంది. అక్కని చూడగానే చేతులు దులుపుకుని లేచింది.

"మీరేనా అమ్మా ఆ టైలరుగారి భార్య? వెళ్ళండి, ఆ వెనక గది. బకెట్టులో వేణ్ణీళ్ళు పెట్టించాను."

అక్క వెళ్ళింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. "మా బావ మీకెలా తెలుసండీ?"

ఆవిడ నవ్వాపుకోలేక మొక్క పక్కనే కూలబడింది. "అయ్యో, తెలియకపోవడమేంటి! మొన్నొచ్చాడు. వ్యాను దిగి ముందు ఆ మూల వాంతి చేసుకున్నాడు. తర్వాత మూతి కడుక్కుని, మీ బాత్రూం ఒకసారి చూడొచ్చా అన్నాడు. సరే వెళ్ళమన్నాను. లోపలికెళ్ళి గడియ పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. ఎవడీ పిచ్చాయన అనుకున్నాను. బయటికొచ్చి, గడియ సరిగ్గా పడట్లేదండీ, ఆడమనిషి భయపడుతుంది, సుత్తి ఉందా అన్నాడు. తనే మేకు కొట్టాడు. వేలు మీద కూడా కొట్టుకున్నాడు, పాపం. కట్టు కట్టింది నేనే. ఇవాళ మా ఆవిడని తీసుకొస్తాను, వేణ్ణీళ్ళు పెట్టించమని మరీ మరీ చెప్పి వెళ్ళాడు."

నాకు అప్పుడు వెలిగింది. పెట్రోలు బంకు. టీకొట్టు. గాలి పల్చగా ఉందన్న చోట కూడా, ఇప్పుడు గుర్తుకొస్తోంది, పక్కనే చెక్‌పోస్టు గది. ఆగిన ప్రతిచోటా అక్క కాసేపు కనబడలేదు. మేమెవ్వరం చూడలేదు. ఎలా చూస్తాం? రోడ్డుమధ్య నడుం ఊపుకుంటూ ఒక మనిషి తమాషా చేస్తుంటే, అందరం ఆయన్నే తిడుతూ కూర్చున్నాం.

అక్క బయటికొచ్చింది. మొహం తేటపడింది. నన్ను చూసి సిగ్గుపడింది.

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆగట్లేదే. వస్తే ఇంక వచ్చినట్టే. పెళ్ళిలోనో సినిమాలోనో నలుగురి మధ్యా లేస్తే ఏమనుకుంటారోనని ఎక్కడికీ రావడం మానేశాను. నీకు కూడా చెప్పడానికి నోరు రాలేదు."

"బావకి చెప్పావుగా?"

"చెప్పలేదు. ఆయనా ఒక్కసారి కూడా అడగలేదు. మొన్న కొండ దిగొచ్చి, పడుకున్నచోటి నుంచే, 'దారి పొడుగునా అన్నీ ఉన్నాయి, గడియలన్నీ పడుతున్నాయి' అన్నాడంతే. అనేసి అటు తిరిగి పడుకున్నాడు."

"మరి అన్నిసార్లు ఆపమన్నప్పుడు ఆయనే పిచ్చోడయ్యాడు కదే!"

"ఆయనకదేం కొత్తా?" అంది అక్క. అని నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలేదు.

మేం వచ్చేసరికి మా ఆయన టోపీ తనే తీసుకొచ్చి బావ నెత్తిన బలంగా నొక్కుతున్నాడు. కళ్ళు కూడా మూసుకుపోయేంత కిందికి. "ఇంకోసారి ఎగిరితే నువ్వూ దాంతోపాటే ఎగరాలి అన్నయ్యా!"

"అలాగే తమ్ముడూ" అన్నాడు బావ, టోపీ లోపల్నుంచి.

నేను మా ఆయన పక్కకెళ్ళి, "ఏవండీ, మలుపులకి నాకు కడుపులో తిప్పుతోంది. ఎక్కడ గది కనబడితే అక్కడ ఆపండి" అన్నాను. మా ఆయన నన్నూ, బావనీ మార్చి మార్చి చూసి, "ఇది అంటువ్యాధి" అన్నాడు. కానీ ఆపాడు. ఆపమన్నప్పుడల్లా ఆపాడు. బావ నా వైపు ఒకసారి చూశాడు. కాజా తీసేటప్పుడు ఆయన గుడ్డ పట్టుకుంటే నేను సూది వేస్తాను చూడండి, అలా సాగిపోయింది.

రిసార్టు చేరాం. మేనేజరు ఎదురొచ్చి, మర్నాడు పొద్దున మమ్మల్ని చిన్న బండిలో ఎక్కించుకున్నాడు. ఆ బండికి టాపు ఉంటుంది, తలుపులుండవు, చప్పుడుండదు. మైదానం మధ్యకి తీసుకెళ్ళాడు. ఎటు చూసినా పచ్చగడ్డి, ఎవరో ఇస్త్రీ చేసినట్టు. దూరంగా ఒక జెండా. ఒక్క గది లేదు, ఒక్క చెట్టు చాటు లేదు. నేను లోలోపల కంగారుపడ్డాను.

మేనేజరు బావ చేతికి కర్ర ఇచ్చి, "కొట్టండి మాస్టారూ" అన్నాడు. బావ కాళ్ళు ఎడం చేశాడు. గాలిలో ఊపాడు. ఆగాడు. సుద్దముక్కతో గడ్డిమీద గీత గీశాడు. మళ్ళీ ఊపాడు. మా వెనక ఆడటానికొచ్చినవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళ వెనక ఇంకొకళ్ళు.

"మాస్టారూ, బంతిని కొట్టండి."

"ఇది ట్రయలండీ. కొడతాను."

ఊపాడు. ఇంకోసారి ఊపాడు. జనం పెరుగుతున్నారు. అక్క కాసేపు చూసి, చూసి, "ఇటివ్వండి!" అని బావ చేతిలోంచి కర్ర లాక్కుని, ఏ ట్రయలూ లేకుండా ఒక్కటిచ్చుకుంది. బంతి లేచింది. మేమందరం తలలెత్తాం. అది జెండా వైపు వెళ్ళకుండా, తిన్నగా పక్కనున్న నీళ్ళమడుగులో బుడుంగున పడింది. అక్కడ కునుకు తీస్తున్న కప్ప ఒకటి ఎగిరి బయటికి గెంతి, మా వైపు తిరిగి కూర్చుంది, ఎవరు కొట్టారన్నట్టు.

అక్క పకపకా నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. ఆగదే! కర్ర మీద వాలిపోయి నవ్వుతోంది, కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగి, కడుపు పట్టుకుంది. ఇంతమంది చూస్తున్నారు!

బావ చటుక్కున ముందుకొచ్చాడు. "అయ్యో, నా బూటు! మేనేజరుగారూ, నా బూటు అడుగు ఊడినట్టుంది, వెంటనే వెనక్కి..."

"బూటూ లేదు గీటూ లేదు" అంది అక్క, అందరూ వినేలా. "నాకు బాత్రూంకి వెళ్ళాలి. నవ్వితే ఆగదు నాకు. బండి తిప్పండి బాబూ, తొందరగా!"

వెనక వరసలో ఒక పెద్దావిడ గోల్ఫ్ కర్ర పైకెత్తి, "బండిలో ఇంకో సీటుందా? నాకెప్పట్నుంచో వెళ్ళాలనుంది. ఈ మాస్టారు జరిగితే వెళ్దామని చూస్తున్నాను!" అంది. మేనేజరు "ఎక్కండి ఎక్కండి" అని హడావుడి పడ్డాడు. అక్క, ఆ పెద్దావిడ, నేను ఎక్కాం. మా ఆయన కూడా గబుక్కున వెనకెక్కి నిలబడ్డాడు. "అంటువ్యాధని చెప్పాగా" అన్నాడు.

బండి కదిలింది. బావకి చోటు లేదు. గడ్డి మధ్యలో ఒక్కడే నిలబడిపోయాడు, చెప్పబోయిన బూటు అబద్ధం ఇంకా నోట్లోనే ఉండిపోయి. అక్క వెనక్కి తిరిగి చూసి చెయ్యూపింది. అప్పుడాయన మా వెనక పరుగందుకున్నాడు, టోపీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ, మైదానం అంతా మోగేలా అరుస్తూ:

"కుడిచేతి వైపుది కాదే, ఎడమవైపుది! పొద్దున్నే చూశాను! కుడిదాంట్లో చన్నీళ్ళొస్తున్నాయి!"